బోరు లోపలి సద్దు

కిందటి వారం దేవక్కను మనం సంతోషంలో వదిలి వచ్చాం. ఎర్రదొడ్డి ఊరవతల మొగుడు సుంకన్న చేలో, ఎప్పుడో ఫెయిలయిన బోరు గొట్టానికి చెవి ఆనించి, లోపల నీళ్ల సద్దు ముందెన్నడూ లేనంత గట్టిగా వినిపించేసరికి ఆమె కొబ్బరికాయ కొట్టి, ఉరుకుంద ఈరన్న స్వామి గుడి ఉన్న దిక్కుకు తిరిగి నేల మీద సాగిలపడింది. ఆ బోరులోకి గాజు తీగ దింపి నీటి జాడ కొలుస్తున్న సాయిసుధ మాత్రం ఆ సంతోషంలో కలవలేదు. పెట్టె తెర మీది గీతలను చూసి, రొట్టె కూడా ముట్టకుండా, పొద్దు గూకకముందే ఆదోని బండెక్కింది.

ఊరంతా 'సద్దు బోరు' అని పిలిచే ఆ బోరును పూడ్చనివ్వకుండా ఇన్నేళ్లూ కాపాడుకున్నది దేవక్కే. నీళ్లు పడలేదని బోరు వేసే రిగ్గు వాళ్లు మూట కట్టుకుని పోయిన మరుసటి సోమవారం ఆమె గొట్టానికి పసుపు రాసి చెవి పెట్టింది. లోపల ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు. గంగమ్మ ఉంది, ఇంకా పైకి రాలేదు, అంతే అనుకుంది. ఆ తరువాతి ఎండాకాలంలోనే పక్క చేలో మరిది రంగన్న బావి ఎండింది. రంగన్న, అతని పెళ్లాం సరస్వతి మిరపకాయలు కోసే సుగ్గికి, వలస కూలికి, గుంటూరు పోవడం మొదలుపెట్టారు. రెండేళ్ల కిందట రంగన్న అక్కడే జ్వరంతో కన్నుమూశాడు. అక్కాచెల్లెళ్లలా మెలిగిన ఆ తోడికోడళ్ల మధ్య మాటలు ఎప్పుడో ఆగిపోయాయి. ఇప్పుడు సరస్వతి ఆ చేను అమ్మకానికి పెట్టింది. వచ్చే నెలలో రిజిస్ట్రేషన్ అని ఊళ్లో అనుకుంటున్నారు.

కొబ్బరికాయ కొట్టిన మరునాటి పొద్దున దేవక్క మామూలు కన్నా ముందే చేనికి వచ్చింది. జొన్నరొట్టెలు, వంకాయ కూర, వేరుశెనగ పొడి మూటగట్టి తెచ్చింది. అప్పటికే సాయిసుధ వచ్చి ఉంది. చెప్పులు గట్టు మీదే విడిచింది. బోరు దగ్గరకు చెప్పులతో రాకూడదని దేవక్క మొదటిరోజే షరతు పెట్టింది. తోటి ఉద్యోగి శివశంకర్ తీగ చుట్టిన పెద్ద చక్రం దగ్గర కూర్చుని, గుడ్డతో తీగ తుడుస్తున్నాడు.

సాయిసుధ ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే శెట్ల ఇంటి పిల్ల. ఇంట్లో అందరూ లెక్కలు, లావాదేవీలు నేర్చుకుంటే ఈమె భూమి లోపలి రాళ్ల గురించి చదివింది. చదువు అయ్యాక నీటి కొలతల సంస్థ ఒకదానిలో చేరి, మెట్ట పల్లెల్లో బోర్లు ఎందుకు ఎండుతున్నాయో చూస్తూ తిరుగుతోంది.

"తినమ్మా," అంది దేవక్క, మూట విప్పుతూ. "నిన్న సూడు, ఏమీ ముట్టకుండా పోతివి. శెట్లిండ్లల్లో జొన్నరొట్టె తినరా ఏమి?"

"తింటాం పెద్దమ్మా. మీరు ముందు కూర్చోండి."

"కూసుంటే మోకాళ్లు పట్టుకుంటాయి. నిలబడే ఇంటాను సెప్పు. ఎన్ని అడుగుల్లో ఉండాది నీళ్లు?"

గట్టు మీద వేపపుల్ల నములుతున్న సుంకన్న అందుకున్నాడు. "అది ఇంటర్నెట్ తీగలాంటిదే కదమ్మా. గంగమ్మకు ఫోను కలిసినట్టుండాది నిన్న. మోటరు ఎంతది పెట్టాలో అది కూడా అడిగి సెప్పు."

శివశంకర్ నవ్వబోయి, సాయిసుధ ముఖం చూసి ఆగిపోయాడు.

"పెద్దనాయనా, మీరూ ఇట్లా రండి," అంది సాయిసుధ. "ఇద్దరికీ కలిపే చెప్పాలి."

ఆ పిలుపులో ఏదో ఉంది. సుంకన్న వేపపుల్ల పారేసి వచ్చాడు. దేవక్క కూడా మోకాళ్ల మాట మరిచి నేల మీద కూర్చుంది.

"నీళ్లు ఉన్నాయి పెద్దమ్మా," అని మొదలుపెట్టింది సాయిసుధ. "డెబ్భై అడుగుల దగ్గర రాతిలో చీలిక ఉంది. మంచి చీలిక. అక్కడ నుంచి నీళ్లు బోరులోకి వస్తున్నాయి."

దేవక్క రెండు చేతులూ జోడించింది. "ఇన్నావా?" అంది మొగుని వైపు తిరిగి. "ఇన్నేండ్ల నుంచి మొత్తుకుంటాంటే పిచ్చిదాన్నంటివే! బోరుకు పూజలేమే అని ఊరంతా నవ్వె."

"వచ్చి నిలవడం లేదు పెద్దమ్మా."

"అంటే?"

"డెబ్భై అడుగుల దగ్గర లోపలికి వస్తున్నాయి. గోడ వెంబడి కిందికి పడుతున్నాయి. నాలుగు వందల అడుగుల దగ్గర ఇంకో చీలిక ఉంది. పెద్దది. దానిలోకి వెళ్లిపోతున్నాయి. అక్కడి నుంచి ఎటు పోతాయో మనకు తెలియదు. మోటరు పెట్టినా అందవు. రాత్రీ పగలూ అట్లా పోతూనే ఉన్నాయి."

సుంకన్న నుదురు చిట్లించాడు. అతనికి రిగ్గు వచ్చిన రోజు గుర్తుకొచ్చింది. డెబ్భై అడుగుల దగ్గర దుమ్ము ఆగి బురద చిమ్మింది. కాస్త తడి తగిలింది, ఆపమంటారా అని డ్రైవరు అడిగాడు. ఈ తడి ఏం చాలుతుంది, ఇంకా పొమ్మనమని దేవక్కే అంది. అతనూ సరే అన్నాడు. నాలుగు వందల దగ్గర ఇనుప రాడ్లు ఒక్కసారిగా జారాయి. ఆ తరువాత పైకి వచ్చింది ఉత్త దుమ్మే. తడి కూడా లేదు.

"నీకెట్ల తెలుస్తాదమ్మా అంత లోపల జరిగేది?" అన్నాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

సాయిసుధ చక్రం మీది తీగను చేతిలోకి తీసుకుంది. వెంట్రుకంత సన్నని గాజుపోగు, దాని మీద గట్టి తొడుగు. పైనుంచి లోపలికి వెలుతురు పంపితే, ఏ అడుగు దగ్గర తీగ ఎంత వేడిగా ఉందో, ఏ అడుగు దగ్గర అదురుతోందో ఆ వెలుతురే తిరిగొచ్చి చెబుతుంది. దాని పక్కనే ఇంకో తీగ పెట్టి కొంచెం వేడెక్కించారు. "వేడి ముద్ద మీద విసనకర్ర విసిరితే గాలి తగిలిన పక్క ముందు చల్లారుతుంది కదా పెద్దనాయనా. అట్లాగే నీళ్లు పారే చోట తీగ తొందరగా చల్లారుతుంది. డెబ్భై నుంచి నాలుగు వందల దాకా అంతా చల్లారింది. దాని కింద చల్లారలేదు. డెబ్భై పైనా చల్లారలేదు."

"మరి సద్దు?" అని అడిగింది దేవక్క.

సాయిసుధ చేతిలోని తీగను చక్రం మీద పెట్టింది. చెప్పవలసిన మాట అదే. ఆదోని నుంచి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దాన్ని రకరకాలుగా అమర్చుకుంది. ఏ అమరికలోనూ ఆ మాట మెత్తబడలేదు.

"మీకు వినిపించే సద్దు అదే పెద్దమ్మా. ఆ నీళ్లు పడిపోతున్న చప్పుడు."

దేవక్క కాసేపు బోరు గొట్టాన్ని చూసింది. నిన్నటి కొబ్బరి చిప్పలు ఇంకా అక్కడే ఉన్నాయి. పసుపు మీద కుంకుమ బొట్టు ఎండకు కొంచెం కారింది.

"పోనీలే," అంది చివరికి, తనకు తానే సర్ది చెప్పుకుంటున్నట్టు. "మాకు ప్రాప్తం లేదు. నీళ్లు భూమిలోవి, భూమిలోకే పాయె. ఒగరి నోటికాడివి తీసుకోలేదు కదా."

అక్కడే సాయిసుధ కళ్లు దించుకుంది. దేవక్క అది చూసింది.

"ఏమ్మా? ఏమట్లా తల దించితివి?"

"నిన్న పొద్దున సరస్వతమ్మ బావిలో ట్యాంకర్ నీళ్లు పోయించాం, మీకు తెలుసు. ఉత్త బావే కదా, పోసుకోండి అని ఆమె ఒప్పుకుంది. ఎండలో నిలబెట్టిన ట్యాంకరు. నీళ్లు గోరువెచ్చగా ఉండినాయి. ఆ నీళ్లు బావి అడుగున నిలవలేదు, రాతిలోకి ఇంకిపోయినాయి. సాయంత్రానికి మీ బోరులో డెబ్భై అడుగుల దగ్గర వచ్చే నీళ్లు వెచ్చబడినాయి. అప్పుడే సద్దు కూడా పెరిగింది."

దేవక్క కొబ్బరికాయ కొట్టింది ఆ సద్దుకే.

సుంకన్నే ముందు లేచాడు.

"ఏమి సెప్తాండావమ్మా నువ్వు? వానలు ల్యాక ఎండె ఆ బాయి! మా తమ్ముడు ఉల్లిగడ్డ ఏసి పొద్దుమానం నీళ్లు తోడె! ఊర్లో ఎన్ని బాయిలు ఎండలేదు? అన్నీ మా బోరు తాగిందా? పట్నం నుంచి వచ్చి తీగ ఏసి మా నెత్తిన పెడతావేం?"

"వానలు తగ్గినాయి, నిజమే. ఈ బోరు ఒక్కటే కారణం అని నేను అనను. అనలేను కూడా," అంది సాయిసుధ. "కానీ ఆ బావి ఊట ఈ చీలికదే పెద్దనాయనా. మంచి వాన పడిన ఏడు కూడా ఆ బావిలో నీళ్లు నిలవకపోవడానికి ఇదే కారణం. అది మాత్రం చెప్పగలను."

"సెప్పొద్దు! ఎవరడిగినారు నిన్ను?"

దేవక్క ఇవేవీ వింటున్నట్టు లేదు. మోకాళ్ల మీద పాక్కుంటూ బోరు దగ్గరకు పోయింది. ఎప్పటిలాగే కొంగు తల మీదికి లాక్కుని, చెంప గొట్టానికి ఆనించింది. ట్యాంకర్ నీళ్లు అయిపోయినట్టున్నాయి. సద్దు మళ్లీ సన్నబడింది. అయినా ఉంది. ఎక్కడో లోతున, ఆగి ఆగి, పలచగా.

బోరు వేసిన మొదటి ఏడు ఇది ఎంత గట్టిగా వినిపించేది! పక్కన నిలబడితే చాలు, చెవి పెట్టనక్కరలేదు. అప్పుడు రంగన్న బావిలో నీళ్లు నిండుగా ఉండేవి. ఆ ఎండాకాలం బావి అడుగంటుతున్నప్పుడు సద్దు తగ్గుతూ వచ్చింది. గంగమ్మకు కోపం వచ్చిందేమోనని దేవక్క శ్రావణమాసంలో వారం వారం ఉరుకుందకు పోయి మొక్కింది. వానలు పడ్డాక సద్దు పెరిగింది. మొక్కు ఫలించిందనుకుంది. మళ్లీ ఎండాకాలం, మళ్లీ సన్నబడటం. ఏటా ఇంతే. అన్నీ తన కళ్ల ముందే జరిగాయి, తన చెవిలోనే పడ్డాయి. ఒక్కదాన్నీ ఇంకోదాని పక్కన పెట్టి చూడలేదు.

భక్తి తప్పని ఎవరనగలరు? నీళ్లు లేని నేల మీద పుట్టినవాళ్లు నీళ్ల చప్పుడుకు చేతులు జోడించకపోతే ఇంక దేనికి జోడిస్తారు? కానీ స్వామి మాట్లాడుతున్నాడని మనం అనుకునే వేళల్లో, ఆయన నిజంగా చెబుతున్నది ఏమిటని ఆగి అడుగుతామా? అడిగితే మన మనసుకు నచ్చే జవాబునే ఆయన నోట పెడతామా? దేవక్కకు అంత మాట తోచిందో లేదో. ఆమె గొట్టం మీద నుంచి చెంప తీసినప్పుడు ఒక పక్కంతా పసుపు అంటింది. కళ్లలో నీళ్లు లేవు.

"దాని తల పట్టుకుంటినప్పా," అంది.

"ఎవురి తల?" అన్నాడు సుంకన్న.

"సరస్వతి తల. బాయి ఎండిన ఏడు ఏడుసుకుంటా నా కాడికొచ్చె. అక్కా, అడుగు కనపడతాంది, ఏం జెయ్యాల అని. నేనేమంటి? మొక్కుబడి మరిసినారు, అందుకే గంగమ్మ మీ సేను ఇడిసి మా సేనికొచ్చింది అంటిని. నమ్మకపోతే ఇను అని, దాని తల పట్టి తెచ్చి ఈ పైపుకు ఆనిస్తిని."

శివశంకర్ తీగ తుడవడం ఎప్పుడో ఆపేశాడు.

"దాని బాయి నీళ్లే దానికి ఇనిపిస్తిని," అంది దేవక్క.

సుంకన్న ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "సూడే, అయిందేదో అయ్యె. మనకు తెలిసి చేసింది కాదు. నువ్వు గమ్మునుండు. ఈయమ్మ కూడా ఎవురికీ సెప్పదు. ఏమ్మా, సెప్పవు కదా? వచ్చే నెల సరస్వతి సేను అమ్ముకుంటాది, కూతురి కాడికి పోతాది. ఇప్పుడు పోయి ఇది సెప్తే ఆయమ్మకు ఏమొస్తాది? ఊర్లో మన ముఖాన ఉమ్మేస్తారు."

"అమ్ముకుంటాదనే కదప్పా సెప్పల్ల! నీళ్లు లేని సేనని అమ్ముతాంది. నీళ్లుండాయి, మన బోరు మూస్తే వస్తాయని తెలిస్తే ఎవురన్నా అమ్ముతారా?"

"సెప్తే? రంగడు తిరిగొస్తాడా?"

ఆ మాట అన్నాక సుంకన్న తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, తమ్ముని చేను వైపు తిరిగి నిలబడ్డాడు. చిన్నప్పుడు ఆ బావి తవ్వేటప్పుడు అన్నదమ్ములిద్దరూ గంపలు మోశారు. తండ్రి పంపకాల్లో బావి ఉన్న చేను తమ్మునికిచ్చాడని ఎన్నాళ్లో మనసులో పెట్టుకున్నాడు. రంగన్న ఒక్కసారి కూడా బావి నీళ్లు కాదనలేదు. బోరు వేద్దామన్నప్పుడు కూడా, నీకేంటికన్నా అంత కష్టం, మన బాయి ఉందిగదా అన్నాడు.

"నువ్వు పో," అన్నాడు సుంకన్న, ఇటు తిరగకుండానే. "నేను రాలేను. సెప్పాలనుంటే నువ్వు పోయి సెప్పు."

దేవక్క లేచింది. "అమ్మా, నువ్వొస్తావా నాతో? నేను సెప్తే నమ్మదు అది. ఆడ నా మాటకు ఇలువ లేదు."

"వస్తాను పెద్దమ్మా," అంది సాయిసుధ.

సరస్వతి ఇంటి ముందు ఉల్లిగడ్డల కుప్ప ఉంది. ఎమ్మిగనూరు మండీకి పోవలసిన సరుకు, ఎవరిదో. కూలికి తెచ్చుకుని కొడవలి మీద కాడలు కోస్తోంది. దేవక్క వీధి మలుపు తిరగడం ఆమె చూసింది. చూసి, తల వంచుకుని, ఇంకో గడ్డ అందుకుంది. వాకిట్లో నీడ పడ్డాక గానీ నోరు విప్పలేదు.

"దావ తప్పినట్టుండావక్కా. మీ ఇల్లు ఆ పక్క."

"తప్పలేదు సరస్వతీ. నీ కాడికే వచ్చినా."

"నా కాడ ఏముందని? పసుపు పూసుకునే బోరు కూడా ల్యాకపాయె."

దేవక్క చెంప మీద చెయ్యి పెట్టుకుంది. పసుపు ఇంకా ఉంది. తుడుచుకోలేదు. ఉల్లిపొట్టు మీదే సరస్వతికి ఎదురుగా కూర్చుంది. ఇంటి గోడకు రంగన్న ఫోటో ఉంది. ఏ పెళ్లిలోనో తీసింది, నలుగురి మధ్య నుంచి అతన్ని ఒక్కడినే కత్తిరించి పెద్దది చేయించారు. ఎవరి చెయ్యో అతని భుజం మీద మిగిలిపోయింది. అది సుంకన్న చెయ్యి అని దేవక్కకు తెలుసు.

చెప్పడం మొదలుపెట్టింది. ముందూ వెనకా అయింది. డెబ్భై అడుగులు, నాలుగు వందల అడుగులు కలిపేసింది. తప్పిన చోట సాయిసుధ మెల్లగా సరిచేసింది. ట్యాంకర్ నీళ్ల దగ్గరకు వచ్చేసరికి సరస్వతి కొడవలి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

అంతా అయ్యాక సరస్వతి ఇంకో నాలుగైదు గడ్డలు కోసింది. దేవక్కకు ఆ కొడవలి చప్పుడు భరించరానిదైంది.

"తిట్టు సరస్వతీ. కొట్టు. ఏదో ఒగటి అను."

"ఏమనాల్నక్కా?" అంది సరస్వతి. గొంతు మామూలుగానే ఉంది. "ఆ పొద్దు నువ్వు నా తల పట్టి పైపుకు ఆనిస్తివి. సద్దు ఇంటి నేను. నీకు తెల్దు గానీ, నాకు సంతోషమే అయ్యె. మా బాయి పోతే పోయె, పెద్దోళ్ల సేనికన్నా గంగమ్మ వచ్చెనే అనుకుంటి. ఇంటికొచ్చి మీ మరిదికి అదే సెప్తిని."

దేవక్క రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఆయప్ప కూడా పోయి ఇన్నాడక్కా ఒగ సోమారం. మీరు ఉరుకుందకు పోయినప్పుడు. ఇని వచ్చి, 'మా అన్నకు మంచి జరుగుతాదిలే' అన్యాడు. ఆ ఏడే సుగ్గికి మూట కట్టుకుంటిమి."

ఇప్పుడు ఏడ్చింది దేవక్క. ఇన్నేళ్లుగా ఏ సోమవారమూ ఆ బోరు దగ్గర ఏడవని ఏడుపు. సరస్వతి ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. కొడవలిని ఒక పక్కకు వాల్చి, పైట చెంగుతో తన చేతులు తుడుచుకుంది. కళ్లు కూడా తుడుచుకుంది. ఉల్లిగడ్డల వల్లనో, మరి దేని వల్లనో.

కొంతసేపటికి సాయిసుధ వైపు చూసింది. "మూస్తే? ఆ బోరు మూస్తే నా బాయిలోకి నీళ్లొస్తాయా మేడం?"

"ఊరికే పైన బండ పెడితే సరిపోదు. లోపల, రెండు చీలికల మధ్యన బంకమట్టి, సిమెంటు పోసి గట్టిగా బిగించాలి. అప్పుడు పై నీళ్లు కిందికి పోవు. రెండు మంచి వానలు పడితే మీ బావిలో ఊట మళ్లీ మొదలవుతుందని నా నమ్మకం. మాట ఇవ్వలేను. కానీ నమ్మకం ఉంది."

"మూయిస్తాను," అంది దేవక్క ముక్కు చీదుకుంటూ. "రేపే మూయిస్తాను. నా చేత్తో మట్టి పోస్తాను. నువ్వు సేను అమ్మొద్దు సరస్వతీ. నాకోసం కాదు. నీ మొగుడు గంపలు మోసిన బాయి అది. అమ్మొద్దు."

సరస్వతి నవ్వింది. ఆ నవ్వులో తేమ లేదు.

"రేపు నాకు తీరదక్కా. రేపు నేను ఎమ్మిగనూరికి పోవాల. రిజిస్ట్రేషను."

"వచ్చే నెల అంటిరే!"

"వచ్చే నెలే అనుకుంటిమి. మంచి దినాలు సూసి పెట్టుకుందాములే అని కొనే ఆయప్పే అన్యాడు. ఏం తొందర ల్యాకుండె. ఈ పొద్దున తెల్లారకముందే ఫోను. రేపే రావాల, కారు పంపిస్తామని. ఎండిన సేనికి ఉన్నట్టుండి ఇంత ఆత్రమేంటికబ్బా అని నేను కూడా అనుకుంటాండా."

సాయిసుధ రెండడుగులు ముందుకు వేసింది. వాకిట్లో ఎండ కాస్తోంది, ఉల్లి ఘాటు కళ్లలో గుచ్చుతోంది.

"నిన్న రాత్రి వరకూ తొందర లేదా?" అని అడిగింది. "ఈ పొద్దునేనా చెప్పింది?"

"ఈ పొద్దునే మేడం."

"కొనేది ఎవరు?"

"మీ ఆదోనాయప్పే. పత్తి యాపారం. బాలకృష్ణయ్య శెట్టి."

నిన్న రాత్రి సాయిసుధ ఇంటికి చేరేసరికి తాత ఒక్కడే భోజనానికి కూర్చుని ఉన్నాడు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రాళ్ల చదువేమిటి, ఎండలో తిరుగుడేమిటి అని ఎప్పుడూ విసుక్కునే మనిషి, ఎన్నడూ లేనిది అడిగాడు: ఇవాళ ఏం చూశావమ్మా? ఆమెకు ఎంత సంతోషమైందో! దేవక్క ముఖం గుర్తొస్తున్నా, తాత అడిగాడన్న సంబరంలో అంతా చెప్పింది. ఆ వాలులో పైరాతిలోనే మంచి నీళ్లు ఉన్నాయి తాతా, ఒక్క బోరు మూస్తే ఎండిన బావి మళ్లీ ఊరుతుంది అంది. ఏ వాలు, ఎవరి చేను పక్కన అని ఆయన అడిగాడు. చెప్పింది. ఆయన చేతిలోని ముద్ద కంచంలోనే పెట్టి, కాసేపు ఆలోచించి, తినమ్మా, అలసిపోయావు అని తన చేత్తో నెయ్యి వడ్డించాడు.

ఆ నెయ్యి రుచి ఇప్పుడు నోట్లోకి వచ్చింది సాయిసుధకు.

దేవక్క ఏడుపు ఆపి ఆమెనే చూస్తోంది. పొద్దున బోరు దగ్గర ఆ పిల్ల తల దించుకున్నప్పుడు ఎట్లా కనిపెట్టిందో, ఇప్పుడూ అట్లాగే కనిపెట్టింది. కానీ ఏమీ అనలేదు. కొద్దిసేపటి కిందటే అదే వాకిట్లో, అదే ఉల్లిపొట్టు మీద కూర్చుని తాను ఏం ఒప్పుకుందో ఆమెకు తెలుసు. పక్కకు కొంచెం జరిగింది. ఇంకొకరు కూర్చునేంత చోటు ఇచ్చింది.

"ఏం మేడం?" అంది సరస్వతి. "మీకు తెలిసినోళ్లా?"

తల ఊపి ఊరుకోవచ్చు. ఆదోనిలో ఆయన పేరు తెలియనిదెవరికి అనవచ్చు. రాత్రికి ఇంటికి పోయి తాతను బతిమాలుకోవచ్చు, సరస్వతికి ఏమీ తెలియకుండానే ఆపించవచ్చు. ఇవన్నీ ఒక్కసారిగా తోచాయి సాయిసుధకు. వాటిలో ఏదీ నోటి దాకా రాలేదు. దేవక్క చూపిన చోట కూర్చుంది.

"మా తాత," అంది.